కరెంటు మైసమ్మ

మీసాలున్న మగాడికి చీర కట్టి, ముక్కుపుడక పెట్టి, దేవతను చేసిన ఘనత మా నాచారం వాళ్ళది. దానికి ఫ్లెక్సీ కొట్టిన ఘనత నాది. నా పేరు దయాకర్. ఉప్పల్ నుంచి నాచారం వచ్చే దారిలో, ఫ్యాక్టరీల గోడ దాటాక, సాయి ప్రియ డిజిటల్స్ అని నా కూతురి పేరు మీద ఒక ఫ్లెక్సీ దుకాణం ఉంది. పుట్టినరోజుకీ, పెళ్ళికీ, శ్రద్ధాంజలికీ మా దగ్గర ఒకటే మిషను. ఫొటో కింద మాట మారుతుంది, అంతే. ఈ పనిలో పడ్డాక మనుషుల గొప్పతనం మీద నాకు నమ్మకం తగ్గిపోయింది. దేవుళ్ళ మీద అంతకన్నా తగ్గింది, ఎందుకంటే కంప్యూటర్లో వాళ్ళ కిరీటాలు దిద్దేది నేనే.

నా దుకాణం ఎదురుగా మూల మీద ఒక రాయి ఉండేది. నడుమెత్తు పైకి, మిగతాది భూమిలోకి. దాని మీద కత్తి ఎత్తిన మనిషి ఒకడు, కాళ్ళ దగ్గర కుక్కో గొర్రో తెలియని ఒక జంతువు, పైన సూర్యుడు, చంద్రుడు. మేం కత్తిబండ అనేవాళ్ళం. ఆ మూలకు ఒక పక్క మా బస్తీ, ఇంకో పక్క కాలనీ. బస్తీలో జనగామ, ఆలేరు దిక్కు నుంచి ఫ్యాక్టరీ పనులకు వచ్చి స్థిరపడ్డవాళ్ళం. కాలనీలో టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు, పొద్దున్నే క్యాబ్ ఎక్కి పోచారం వెళ్ళే సాఫ్ట్‌వేర్ పిల్లలు. రెండు పక్కల వాళ్ళూ కలిసి ఆ రాయికి చేసిన మర్యాద ఏమిటంటే, ముందువైపు మొలల వైద్యం పోస్టర్లు అంటించడం, వెనకవైపు ఉచ్చ పోయడం. ఇక్కడ పోయరాదని నేనే ఒక బోర్డు కొట్టించి పెట్టాను. దాని మీద కూడా పోశారు.

ఆ రాయికి మంచిరోజులు వచ్చింది రామచంద్రరావుగారు రిటైరయ్యాకే. తెనాలి వైపు మనిషి. బ్యాంకు మేనేజరుగా చేసి, ఇప్పుడు కాలనీ అసోసియేషన్‌కు అధ్యక్షుడు. రిటైరైన మనిషికి ఏదో ఒకటి దొరకాలి కదా, కొందరికి యోగా దొరుకుతుంది, కొందరికి కోడలు దొరుకుతుంది. ఈయనకు ఈ రాయి దొరికింది. ఒక పొద్దున వాకింగ్‌లో ఆగి, పోస్టరు చింపి చూసి, అక్కడే బొమ్మలా నిలబడిపోయాడు. మర్నాడు బకెట్టు, చీపురు తెచ్చుకుని ఆ రాయిని తానే కడిగాడు. నలభై ఏళ్ళు ఏసీ గదిలో కూర్చున్న మనిషి, మేమందరం పోసిన దాన్ని ముక్కుకు రుమాలు కట్టుకుని కడుగుతుంటే నవ్వొచ్చింది గానీ, ఆయనకు ఆ రాయంటే నిజంగానే ప్రేమ అని కూడా అర్థమైంది.

ఆయనే సైనిక్‌పురి నుంచి శ్యామలాదేవి అనే మేడమ్‌ను పిలిపించాడు. చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన ఆవిడ. కారు దిగి, రోడ్డు మీదే చతికిలబడి, చిన్న బ్రష్షుతో రాయిని తుడుస్తూ కూర్చుంది. చుట్టూ మా బస్తీ అంతా చేరింది. ఇది వీరగల్లు అని చెప్పింది. ఎనిమిది వందల ఏళ్ళదో, ఇంకా పాతదో. దొంగలు ఊరి మీద పడ్డప్పుడో, పశువులను తోలుకుపోతున్నప్పుడో ఎదురు తిరిగి చచ్చిపోయినవాడి కోసం ఊరివాళ్ళు నిలబెట్టుకునే రాయి అట. మేం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఊరి కోసం చచ్చినవాడికి ఊరు చేసిన మర్యాద అందరికీ గుర్తొచ్చినట్టుంది, నలుగురైదుగురు మెల్లగా జారుకున్నారు.

నీళ్ళ బిందె చంకలో పెట్టుకుని నిలబడ్డ వెంకటనర్సమ్మత్త మాత్రం జారుకోలేదు. అతని పేరేమిటని అడిగింది. పేరు ఉంటే కింద భూమిలో ఉన్న భాగం మీద చెక్కి ఉంటారని, తవ్వితే గానీ తెలియదని మేడమ్ చెప్పింది. అత్త ఆ రాయి వైపు కాసేపు చూసి, బిందె సర్దుకుని వెళ్ళిపోయింది.

ఈ వెంకటనర్సమ్మ గురించి చెప్పాలి. నాకు సొంత అత్త కాదు, వరసకు అత్త. మా బస్తీలో పేరున్న శివసత్తు. బోనాలప్పుడు డప్పు మోగిందంటే ఆమె మీదికి అమ్మవారు వస్తుంది. జుట్టు విరబోసుకుని, పూనకంతో సిగమూగుతూ, వానలు ఎప్పుడు పడేదీ, ఎవరింట్లో ఏం తప్పు జరిగిందీ చెబుతుంది. ఆ కాసేపు కార్పొరేటర్ కూడా ఆమె ముందు చేతులు కట్టుకుంటాడు. మిగతా ఏడాదంతా ఆమె పాచిపనికి వెళ్ళే మామూలు ముసలామె. ఆమె భర్త బుచ్చిరాములు మామ ముప్పై ఏళ్ళు రంగుల ఫ్యాక్టరీలో పనిచేసి, జీతంతో పాటు ఆ పొడి కూడా ఇంటికి తెచ్చుకున్నాడు, ఊపిరితిత్తుల్లో. ఇప్పుడు మంచం పక్కన ఆక్సిజన్ మిషను ఉంటుంది. అది కరెంటు మీద నడుస్తుంది. కరెంటు ఉన్నంతసేపు మామ మనిషి, పోతే చేప.

మా బస్తీ కరెంటు సంగతి మీకు తెలియదు. ఉన్నది ఒకటే ట్రాన్స్‌ఫారం. నాలుగు కూలర్లు ఒకేసారి వేస్తే ఢామ్మంటుంది. మిషను ఆగినప్పుడల్లా చిన్న సిలిండర్ పెడతారు. అది అయిపోయేలోపు కరెంటు రావాలి, లేకపోతే ఆటోలో దవాఖానాకు పోవాలి. అందుకే కొత్త హైటెన్షన్ లైను వేసి, బస్తీకి పెద్ద ట్రాన్స్‌ఫారం పెడతారని తెలిసిన రోజు వెంకటనర్సమ్మత్త మా ఇంటికి బెల్లం పంపింది.

లైను వాళ్ళు వచ్చి కొలతలు తీసి, ఎర్ర రంగుతో ఇంటూ గుర్తు పెట్టారు. ఎక్కడ పెట్టారంటే, సరిగ్గా కత్తివీరుడి ముక్కు కింద.

రామచంద్రరావుగారు ఆ రోజు అన్నం తినలేదని వాళ్ళావిడే చెప్పింది. మర్నాడే నా దుకాణానికి వచ్చి 'వీరుడిని కాపాడుకుందాం' అని ఫ్లెక్సీ కొట్టించాడు. కరెంటాఫీసు ఇంజనీరు గిరిప్రసాద్ పాపం మంచివాడు, వచ్చి మాట్లాడాడు. ఆ రాయి ప్రభుత్వం కాపాడే జాబితాలో లేదు కాబట్టి తానేమీ ఆపలేనని, అయినా పెద్దవాళ్ళ మాట మీద రెండు దారులు చెబుతానని అన్నాడు. ఒకటి, స్తంభాన్ని పక్కనే ఉన్న కాలనీ పార్కు గోడ లోపలికి జరపడం. రెండు, స్తంభాన్ని ఇక్కడే ఉంచి రాయిని పార్కులోకి జరపడం. మిగిలిన పక్క మురుగు నాలా ఉంది, కాబట్టి మూడో దారి లేదు.

అసోసియేషన్ మీటింగు పెట్టింది. పిల్లలు ఆడుకునే పార్కులో హైటెన్షన్ స్తంభమా అని మొదటి దారిని కొట్టేశారు. చచ్చినవాడి రాయిని తెచ్చి ఇళ్ళ మధ్య పెట్టుకుంటామా, వాస్తు ఏమైపోవాలి అని రెండోదాన్ని కొట్టేశారు. రామచంద్రరావుగారు ఇంకో కారణం చెప్పాడు. రాయిని చోటు నుంచి కదిలిస్తే దాని చరిత్ర సగం పోతుందట. శ్యామలాదేవి మేడమ్ కూడా అది నిజమే అంది. మొత్తానికి వీరుడంటే అందరికీ గౌరవమే, ఎవరి గోడ లోపలికీ రానంతవరకు.

మరుసటి వారం తవ్వకం మొదలవుతుందనగా, రామచంద్రరావుగారికి ఒక ఆలోచన వచ్చింది. పోచమ్మ గుడి మైకు శబ్దం ఎక్కువైందని ఏటా పోలీసులకు ఫోన్ చేసే మనిషి ఆయన. అలాంటివాడు నా దుకాణంలోకి వచ్చి, షట్టరు సగం దించి, గొంతు తగ్గించి అడిగాడు.

"దయాకర్, ఈ ఊళ్ళో గుడి అడ్డొస్తే రోడ్డే వంకర తిరుగుతుంది కదా. మరి స్తంభం తిరగదా?"

నేను ఒప్పుకున్నాను. హైదరాబాదులో రాయికి దిక్కు లేదు గానీ రాయికి పసుపు రాస్తే ఢిల్లీ కూడా ఆగుతుంది. ఏ దేవుణ్ణి పెడదామన్నది తర్వాతి ప్రశ్న. ఆయన వీరభద్రుడు అన్నాడు, మీసాలున్నాయి కదా అని. ఆ పేరుకు ఇక్కడి కూలీలు భయపడరు, పార పక్కన పెట్టాలంటే మైసమ్మ కావాలి అని నేనన్నాను. మీసాల సంగతేమిటన్నాడు. పసుపు మందంగా పూస్తే ఏ మీసాలూ కనపడవన్నాను.

రెండు రోజుల్లో కత్తిబండ కత్తుల మైసమ్మ అయింది. ఆకుపచ్చ చీర, వెండి కళ్ళు, వేపాకు, నిమ్మకాయలు. పసుపు కింద దాగిన మీసాల పైన ముక్కుపుడక. 'శ్రీశ్రీశ్రీ కత్తుల మైసమ్మ తల్లి, స్వయంభువు' అని నేను ఫ్లెక్సీ కొట్టాను. స్వయంభువు అన్న మాట రామచంద్రరావుగారిదే. శ్యామలాదేవి మేడమ్ వచ్చి, రాయి చుట్టూ ఒకసారి తిరిగి చూసింది. తర్వాత, పసుపైతే కడిగితే పోతుందని, ఎవడైనా ఆయిల్ పెయింట్ డబ్బా తెస్తే మాత్రం తానే కేసు పెడతానని చెప్పి కారెక్కింది.

ప్లాను అద్భుతంగా పనిచేసింది. తవ్వడానికి వచ్చిన కూలీలు చెప్పులు విడిచి, దండం పెట్టి, టీ తాగి వెళ్ళిపోయారు. కాంట్రాక్టరు వేరేవాళ్ళను తెస్తే వాళ్ళూ అంతే చేశారు. గిరిప్రసాద్ స్వయంగా వచ్చి కొబ్బరికాయ కొట్టి, మూడు ప్రదక్షిణలు చేసి, పని ఆపించాడు. రామచంద్రరావుగారు మొక్కులు చూసి మురిసిపోయాడు. మంగళవారాల్లో జనం పెరిగారు. ఎవరికో సంబంధం కుదిరిందట, ఎవరికో నారపల్లిలో ప్లాటు అమ్ముడుపోయిందట. ఊరి కోసం పోరాడి చచ్చిన మనిషి ఇప్పుడు రియలెస్టేట్ కూడా చూసుకుంటున్నాడు.

లైను మాత్రం రాలేదు. ఎండలు వచ్చాయి.

మే నెల ఒక మధ్యాహ్నం ట్రాన్స్‌ఫారం పేలి, రెండు పక్కలా కరెంటు పోయింది. నేను దుకాణంలో ఉన్నాను. కాలనీ వైపు ఇన్వర్టర్లు ఒక్కొక్కటే మొదలైన చప్పుడు వినబడింది, మా వైపు ఏ చప్పుడూ లేదు. కాసేపటికి వెంకటనర్సమ్మత్త చెప్పులు లేకుండా రోడ్డు మీదికి పరుగెత్తుకొచ్చింది. సిలిండర్ అడుగంటిందట. నేనూ, ఇంకో ఇద్దరూ కలిసి మామను ఆటోలో వేశాం. పెదాలు నీలంగా ఉన్నాయి. ఆటోలో ఆయన నా చొక్కా పట్టుకున్న పట్టు ఇప్పటికీ గుర్తుంది. దవాఖానాలో బతికించారు. ఈసారికి బతికాడు, మళ్ళీ ఇలా అయితే చెప్పలేం అన్నారు.

నాకు కోపం వచ్చింది. తిన్నగా రామచంద్రరావుగారింటికి వెళ్ళి జరిగింది చెప్పాను. ఆయన మొహం పాలిపోయింది. నిజంగానే బాధపడ్డాడు, కమిటీలో పెట్టి ఏదో ఒకటి ఆలోచిద్దామన్నాడు. ఆయన వెనక గోడ మీద వీరగల్లు ఫొటో, ఫ్రేము కట్టించి ఉంది. స్తంభాన్ని పార్కులోకి రానివ్వమని అడిగాను. తనొక్కడి చేతిలో లేదన్నాడు. అది నిజమే. వీరుణ్ణి దేవతగా మార్చడం ఒక్కడి చేతిలో పని, గోడను రెండడుగులు జరపడం మాత్రం కమిటీ పని.

గిరిప్రసాద్‌కు కూడా పై నుంచి ఒత్తిడి ఉంది. పని ఎందుకు ఆగిందంటే మైసమ్మ అని రాయలేడు. ఒక రోజు నా దుకాణంలో కూర్చుని తల పట్టుకుని, చివరికి తనకు తోచిన దారి చెప్పాడు. వాళ్ళ ఊళ్ళో ఏదైనా కదపాలంటే దేవుణ్ణి అడుగుతారట. ఇక్కడ కూడా అమ్మవారినే అడుగుదాం, ఆమె సరేనంటే స్తంభం, కాదంటే తానే పైవాళ్ళకు చెప్పి లైను రద్దు చేయిస్తానన్నాడు. ఇంజనీరింగ్ చదివిన మనిషి. అయినా ఆ నెల రోజుల్లో అంత తెలివైన మాట ఇంకెవరూ అనలేదు, ఎందుకంటే మిగతావాళ్ళెవరి మాటా కూలీలు వినరు.

రామచంద్రరావుగారికి ప్రాణం లేచొచ్చింది. శివసత్తు మా బస్తీ మనిషే, నాకు అత్త. ఆయన నన్ను కూర్చోబెట్టి అమ్మవారు పలకాల్సిన మాటలు చెప్పాడు. 'ఇచ్చట వెలసిన నన్ను కదిలించినచో సర్వనాశనమగును' అన్నది అందులో ఒకటి. మా మైసమ్మ అలా మాట్లాడదని చెప్పాను. భావం చెడకుండా ఎలాగైనా సరే అన్నాడు. మామ సంగతి మళ్ళీ గుర్తుచేశాను. ఇన్వర్టరు తన సొంత ఖర్చుతో పెట్టిస్తానన్నాడు. మిషను దాని మీద రెండు గంటలు కూడా నడవదని డాక్టరు ముందే చెప్పాడు. ఆ మాట చెబితే తల దించుకున్నాడు గానీ, అడిగింది మాత్రం వెనక్కి తీసుకోలేదు.

నేను వెళ్ళి ఆయన మాటలన్నీ అత్తకు చెప్పాను. నచ్చకపోతే రానని చెప్పెయ్యమని కూడా అన్నాను. ఆమె మామకు విసనకర్రతో విసురుతోంది. విసరడం ఆపలేదు.

"నేను జెప్పేదేముంటది బిడ్డా," అంది. "డప్పు మోగినంక నేనుండ. ఏం జెప్పినా అమ్మనే జెప్తది. గాయనకు గదే జెప్పు."

అదే చెప్పాను. రామచంద్రరావుగారు దాన్ని ఒప్పుకున్నట్టే లెక్కేసుకున్నాడు.

ఆదివారం పొద్దున మూల మీద ఇసుకేస్తే రాలనంత జనం. రామచంద్రరావుగారు పట్టుపంచె కట్టాడు. గిరిప్రసాద్ కొబ్బరికాయ పట్టుకుని, కాలుతున్న రోడ్డు మీద చెప్పులు లేకుండా ఈ కాలూ ఆ కాలూ మారుస్తున్నాడు. శ్యామలాదేవి మేడమ్ ఇదంతా చూడనని చెప్పి, అందరికన్నా ముందొచ్చి నిలబడింది. బస్తీ మొదట్లో నీడపట్టున ప్లాస్టిక్ కుర్చీలో బుచ్చిరాములు మామ, ఒళ్ళో సిలిండరు. డప్పులు మొదలయ్యాయి. సాంబ్రాణి పొగలో వెంకటనర్సమ్మత్త జుట్టు విరబోసుకుని, చేతిలో వేపమండలతో నిలబడింది.

డప్పు మోగుతూనే ఉంది. ఎప్పుడూ రెండు దెబ్బలకే ఊగే మనిషి, ఈసారి అలాగే నిలబడి ఉంది. డప్పులవాళ్ళు ఒకరినొకరు చూసుకుని వేగం పెంచారు. రామచంద్రరావుగారి పెదాలు కదులుతున్నాయి, డైలాగు అందిస్తున్నాడు. ఆమె ఒకసారి కళ్ళు తెరిచి బస్తీ వైపు చూసింది. తర్వాత తల విసిరి, ఊగడం మొదలుపెట్టింది.

"ఎవర్రా నన్ను పిల్సింది?"

కాలనీ వాళ్ళమమ్మా అని రామచంద్రరావుగారు హెడ్డాఫీసు ఇన్‌స్పెక్షన్‌కు వచ్చినవాళ్ళతో మాట్లాడినట్టు వంగి చెప్పాడు.

"ఎవనింట్ల కూసోవెట్టిన్రురా నన్ను? ఇది నా జాగ గాదు. ఈడ కత్తి వట్టిన మొగోడున్నడు. ఆయనకు నా చీర గట్టి, ముక్కుపుడక వెట్టిన్రు. నా ఇజ్జత్ దీసిన్రు, ఆయన ఇజ్జత్ దీసిన్రు."

జనంలో ఎవడో కిసుక్కుమన్నాడు, పక్కవాడు నెత్తి మీద ఒకటిచ్చాడు. రామచంద్రరావుగారు నా వైపు తిరిగి, ఇవి మనం ఇచ్చిన మాటలు కావని గొణిగాడు. కావని నాకూ తెలుసు. గిరిప్రసాద్ ధైర్యం చేసి, మరి స్తంభం సంగతేమిటమ్మా అని అడిగాడు. ఆమె వేపమండ ఆ రాయి వైపు చాపింది.

"ఈ మొగోడు ఎందుకు సచ్చిండో ఎరికేనారా మీకు?"

చివరికి శ్యామలాదేవి మేడమే నోరు విప్పింది.

"ఊరి కోసమమ్మా," అంది మెల్లగా.

"ఊరికోసం పానమిచ్చినోడు. గసొంటోడు, ఊర్ల ఒకనికి ఊపిరాడకుంటే, నేను జరగ అంటడారా? అడుగున్రి ఆయన్ని. పది మంది ముందట అడుగున్రి." వేపమండ పార్కు వైపు తిప్పింది. "మర్యాదగ లేపి పార్కుల నీడకు వెట్టున్రి. మోసేటప్పుడు చెప్పులిడువున్రి. ఈడ కరెంటు రానియ్యున్రి. అడ్డమొచ్చినోనింట్ల దీపముండదు."

అని అక్కడికక్కడే కూలబడింది. నీళ్ళు చల్లారు. గిరిప్రసాద్ కొబ్బరికాయ కొట్టాడు, ఎవరి కోసం కొట్టాడో ఆయనకే తెలియాలి. వాస్తు పట్టుకు వేలాడిన కాలనీ ఆడవాళ్ళు ఆ చివరి మాట విన్నాక పార్కులో జాగా తామే వెతికారు. రామచంద్రరావుగారు మాత్రం ఒక్కడే ఆ రాయి దగ్గరికి వెళ్ళి, చీర విప్పి, మడతపెట్టి, తన కండువాతో పసుపు తుడిచాడు. మీసాలు బయటపడ్డాక అక్కడే నిలబడి ఏడ్చాడు. నేను నవ్వుదామనుకున్నాను, నవ్వు రాలేదు.

శ్యామలాదేవి మేడమ్ దగ్గరుండి తవ్వించింది. చోటు మారుస్తున్నందుకు ఆవిడకు బాధే, ముందు అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీసి, కొలతలు రాసుకుని, పాత చోట గుర్తుగా ఒక పలక వేయమని గిరిప్రసాద్ దగ్గర మాట తీసుకుంది. క్రేను తెచ్చారు గానీ మైసమ్మ మాట ప్రకారం చివరి పది అడుగులు మనుషులే మోశారు, చెప్పులు విడిచి. కింది భాగం మీద నిజంగానే రెండు వరుసల అక్షరాలు ఉన్నాయి. పేరు ఉండాల్సిన చోట పెచ్చు ఊడిపోయి ఉంది. ఎప్పుడో డ్రైనేజీ పైపు వేసినప్పుడు గడ్డపార తగిలిందట. ఆ పైపు కోసం ధర్నా చేసింది మేమే. పార్కు గేటు మీద 'కాలనీ వాసులకు మాత్రమే' అన్న బోర్డు ఉండేది. బస్తీ వాళ్ళు వీరుణ్ణి చూడటానికి రావడం మొదలయ్యాక ఎవరో దాన్ని పీకేశారు. దాన్ని కూడా నేనే కొట్టాను, కాబట్టి కొంచెం బాధేసింది.

వానలు పడకముందే లైను వచ్చింది. కొత్త ట్రాన్స్‌ఫారం పెట్టారు. జనానికి మొక్కులు అలవాటయ్యాయి కదా, మూల మీది ఆ కొత్త స్తంభానికి బొట్టు పెట్టి నిమ్మకాయ కట్టారు. ఇప్పుడు దాని పేరు కరెంటు మైసమ్మ. లైన్‌మెన్లు కూడా దండం పెట్టి ఎక్కుతారు. గిరిప్రసాద్ వారానికోసారి వచ్చి చూసి పోతాడు, అది డ్యూటీయో భక్తో అడగలేదు.

బోనాలకు వారం ముందు, ఒక మధ్యాహ్నం, బస్తీ ఫ్లెక్సీలో అత్త ఫొటో పెట్టాలని వాళ్ళింటికి వెళ్ళాను. మిషను గుయ్యిమని నడుస్తోంది. మామ నోరు తెరిచి నిద్రపోతున్నాడు, పెదాలు మామూలు రంగులో ఉన్నాయి. ఆ పెదాలు చూస్తే నాకు సంతోషమేసింది. మా మైసమ్మ మంచి లాయర్ లాగా వాదించిందని అత్తను ఆటపట్టించాను. ఆమె నవ్వలేదు. ఫొటో వద్దంది. తలుపు దగ్గరగా వేసి వచ్చి నా ముందు కూర్చుంది.

"ఆ దినం అమ్మ రాలే బిడ్డా."

నాకు అర్థం కాలేదు. ఆమె కిందికి చూస్తూ చెప్పుకుపోయింది. పెళ్ళయిన కొత్తలో మొదలైందట. డప్పు మోగగానే అరికాళ్ళు తిమ్మిరెక్కుతాయి, తర్వాత ఏమీ తెలియదు, తానేం మాట్లాడిందో అందరూ చెబితే వింటుంది. ఆ ఆదివారం ఎంత మోగినా కాళ్ళు రోడ్డుకు కాలుతూనే ఉన్నాయట. అందరూ చూస్తున్నారు. కళ్ళు తెరిస్తే కుర్చీలో మామ కనబడ్డాడట.

"నేనే మాట్లాడిన. ఒక్కొక్క మాట యాదికున్నది, గదే భయమైతున్నది. అమ్మ పేరు మీద అబద్ధం జెప్పిన." చీర కొంగు వేలికి చుట్టుకుంటూ ఆగింది. "బోనాలకు డప్పు మోగితే, ఇగ నా మీదికొస్తదంటవా?"

మామకు ఊపిరి దొరికిందని మేమందరం సంబరపడ్డాం. ఆమె దేన్ని ఇచ్చి ఆ ఊపిరి తెచ్చిందో మాకెవరికీ తెలియలేదు. ఏడాదికి ఒక్క రోజు, పాచిపని చేసే ఆ చేతుల ముందు ఊరంతా తల వంచే ఆ ఒక్క రోజును, ఆమె అందరి ముందూ పందెం పెట్టేసింది. సిగం మీద నేను చిన్నప్పటి నుంచీ జోకులు వేశాను. అప్పుడు ఒక్కటీ నోటికి రాలేదు.

"వస్తది అత్తా. ఎందుకు రాదు?"

"నీకు నమ్మకం లేదు గదరా," అంది.

లేదని ఒప్పుకున్నాను. కానీ నీ మీదికి రాకపోతే ఆ అమ్మతో నేనే కొట్లాడతానన్నాను. ఆమె నా మొహంలోకి చూసింది, అబద్ధమేమో అన్నట్టు. లోపల మామ దగ్గాడు, లేచి వెళ్ళింది. బోనాలకు ఇంకా వారం ఉంది. ఆ వారమంతా దేవుళ్ళ కిరీటాలు దిద్దుకుంటూ, ఆ ముసలామె అరికాళ్ళు ఇంకొక్కసారి తిమ్మిరెక్కాలని దేవుడే లేడనుకునే నేను కనబడిన ప్రతి గుడి ముందూ మొక్కుకుంటూ తిరిగాను.